బయటికొచ్చిన పేరు

ప్రియమైన అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. మీ అమ్మ ఫోనులో "ఓడిపోయాంలే" అని ఒక్క మాటతో పెట్టేసిందనీ, తర్వాత నువ్వు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదనీ తెలిసింది. ఆమె కోపం నీ మీద కాదు. జరిగినదంతా వరుసగా రాస్తున్నాను, నిదానంగా చదువు.

ముందుగా ఓట్ల సంగతి. మన వార్డులో మీ అమ్మకూ మైకుకూ ఓట్లు సరిసమానంగా వచ్చాయి. మళ్ళీ లెక్కించారు, మళ్ళీ అంతే. మైకు నీకు తెలుసు కదా, బండికి లౌడ్‌స్పీకర్ కట్టుకుని ఊరంతా ప్రకటనలు చెప్పి బతికే మనిషి. పెద్ద పార్టీలు రెండూ మన వార్డు వైపు తొంగి చూడలేదు. రాజధానిలో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో తేల్చుకోవడానికే వారికి పొద్దు చాలలేదు. నాయకుల ముఖాలు మన గోడల మీద అతికించి, ఆ ముఖాల కిందే మురుగు పారుతుంటే చూడకుండా వెళ్ళిపోయారు. అందుకే పోటీ ఒక కుట్టుమిషనుకూ ఒక లౌడ్‌స్పీకరుకూ మధ్య మిగిలింది.

ఇక చీటీ సంగతి. ఓట్లు సమానమైతే చీటీ వేయాలట. మన వార్డుకు ఎన్నికల అధికారిగా వేసినది మార్కెట్ సూపరింటెండెంటునే. మార్కెట్లో చీటీ ఎలా వేస్తారో నీకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. కొట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ఏడాదికోసారి అందరి పేర్లూ డబ్బాలో వేస్తారు. పేరు బయటికొస్తే మనిషీ బయటికి పోవలసిందే, ఆ ఏడాది కొట్టు లేనట్టే. ఆయన ఆ రోజు కూడా ఆ డబ్బానే తెప్పించారు. ఒక పోలీసాయన చేయి పెట్టి ఒక చీటీ తీశాడు. దాని మీద మీ అమ్మ పేరుంది.

సూపరింటెండెంటు ఆ పేరు చదవగానే, ఫలితం ప్రకటించకముందే హాలంతా "అయ్యో" అన్నది. నేనూ అన్నాను. మీ అమ్మ లేచి మైకు దగ్గరికి వెళ్ళి, "నా పేరే వచ్చింది తమ్ముడూ, ఇక నువ్వే చూసుకో" అన్నది. వాడు ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు.

ఆమె ఎందుకు నిలబడిందో నీకు వేరే చెప్పనక్కరలేదు. ఏటేటా వేసే ఆ చీటీని ఆపించాలన్నది ఒక్కటే ఆమె కోరిక. పోయినసారి పేరు వచ్చిన గొడుగుల తాత ఇప్పటికీ కాలిబాట మీదే కూర్చుని గొడుగులు బాగుచేస్తున్నాడు. వానొస్తే గొడుగులన్నీ కట్టగట్టుకుని తాను తడుస్తాడు. మైకు చేసిన వాగ్దానమేమో మార్కెట్ గేటుకు రంగుదీపాలు. కాబట్టి ఈ ఏడు కూడా డబ్బా తిరుగుతుంది, దీపాల వెలుగులో.

నువ్వు వేళకు తిను.

ఇట్లు,
ఓటమిలో కూడా నీ తల్లిని చూసి గర్వపడుతున్న
నాన్న

*

ప్రియమైన నాన్నా,

మీ ఉత్తరం మా సీనియర్‌కి చదివి వినిపించాను. ఊరి కబుర్లు వినడం ఆయనకి సరదా. చీటీ దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి, "ఆ ముక్క మళ్ళీ చదువు" అన్నారు. మళ్ళీ చదివాను. అప్పుడు నాకూ వెలిగింది. లాయరు చదువు చదివి, ఆ హాల్లో మీరందరూ అన్నట్టే నేనూ "అయ్యో" అనుకుని ఊరుకున్నాను చూడండి.

ఎన్నికల నియమంలో ఉన్నది ఇదీ: ఓట్లు సమానమైతే చీటీ వేయాలి. ఎవరి పేరు వస్తే వారికి ఇంకో ఓటు వచ్చినట్టు లెక్క కట్టాలి.

అమ్మ పేరు వచ్చింది, నాన్నా. అమ్మ గెలిచింది.

సూపరింటెండెంటుగారు ఇన్నేళ్ళుగా మార్కెట్లో చేస్తున్నట్టే చేసేశారు. ఆయనకి దురుద్దేశం ఏమీ ఉండదు. హాల్లో ఒక్కరికీ అనుమానం రాలేదంటే అందరూ మార్కెట్ మనుషులే కదా. గడువులోగా ఎన్నికల పిటిషను వేయాలి. కాగితాలు పంపుతున్నాను, అమ్మ సంతకం కావాలి. దయచేసి ఆమెను కూర్చోబెట్టి చెప్పండి. నిలబెట్టి చెబితే వెళ్ళిపోతుంది.

మీ ఉత్తరాన్ని ఇంకా పక్కన పెట్టలేకపోతున్న
అమ్మడు

*

ప్రియమైన అమ్మడికి,

కూర్చోబెట్టే చెప్పాను. విన్నది. సూదిలో దారం ఎక్కించుకుని, "అందరి ముందూ వాడి చెయ్యి పట్టుకుని నువ్వే చూసుకో అన్నదాన్ని. ఇప్పుడు కోర్టుకెక్కితే నన్ను ఏమంటారు? ఓడిపోయి ఏడుస్తోంది అంటారు" అన్నది. నేను చట్టం చెప్పాను, న్యాయం చెప్పాను, నీ సీనియర్‌గారి అనుభవం గురించి నాకు తెలియనిదంతా చెప్పాను. ఆమె జిప్పు కుడుతూనే ఉన్నది.

నాలుగు రోజుల తర్వాత ఆమె మనసు మార్చినది మాత్రం మునిసిపాలిటీయే. ఈ ఏటి చీటీకి ప్రకటన వచ్చింది. అడిగినవాళ్ళు మరింత పెరిగారట, కాబట్టి ఈసారి బయటికి వెళ్ళవలసినవాళ్ళూ ఎక్కువేనట. ప్రకటన చదివినది మైకే, వాడి బండి మీద నుంచే. గొడుగుల తాత మన కొట్టు ముందు నిలబడి విన్నాడు. మీ అమ్మ కత్తెర పక్కన పెట్టి, "ఆ కాగితాలు ఇలా ఇవ్వండి" అన్నది. సంతకం చేసి, "ఏమన్నా అననీ. నాకేం కొత్త" అన్నది.

ఊరిలో దీని మీద రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఒక పక్షంవారు చట్టమే గెలవాలంటారు. రెండో పక్షంవారు ఒప్పుకున్నాక మాట మార్చకూడదంటారు. ఇరుపక్షాలలోనూ ఓటు వేయనివారే ఎక్కువ గట్టిగా మాట్లాడుతున్నారన్నది నా పరిశీలన.

మైకు సంగతి చెప్పాలి. గెలిచిన నాటి నుంచి టీకొట్టు దగ్గర వాడు చెప్పేది ఆ చీటీ కథ ఒక్కటే. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం పెరిగేది. విన్నవాళ్ళే మళ్ళీ వచ్చి వినేవాళ్ళు, అంత బాగా చెబుతాడు. కోర్టు నోటీసు అందినది మొదలు వాడి నోరు పడిపోయింది. మొన్న బజారులో మీ అమ్మకు ఎదురుపడి, "అక్కా, నా నోటికి తాళం పడింది. తాళంచెవి మా లాయరు దగ్గరుంది" అన్నాడట. "తాళం సరే తమ్ముడూ, నీ నోటికి అసలు తలుపెక్కడ ఉంది" అన్నదట ఆమె. ఇద్దరూ నవ్వుకున్నారట. వాదీ ప్రతివాదీ ఇలా నవ్వుకోవచ్చునో లేదో నాకు తెలియదు. నీ సీనియర్‌గారిని అడిగి చెప్పు.

కాగితాలు జతపరిచాను.

నీ తీరికలేని రోజుల్లో ఈ పనిని ఇరికించినందుకు సంకోచిస్తున్న
నాన్న

*

ప్రియమైన నాన్నా,

నవ్వుకోవచ్చట. కానీ ఈ ఉత్తరంలో నవ్వు వచ్చే సంగతులు లేవు.

అధికారిగారి జవాబు వచ్చింది. "నిబంధనల ప్రకారం చీటీ తీయించాను, గెలిచినవారిని ప్రకటించాను, చీటీ మీద ఎవరి పేరున్నదో ఇప్పుడు జ్ఞాపకం లేదు" అని రాశారు. చీటీలు రెండూ ఆ రోజే చెత్తబుట్టలో పడ్డాయి. ఆయన రాసిన నివేదికలో "చీటీ ద్వారా నిర్ణయించడమైనది" అని ఒక్క వాక్యం తప్ప ఇంకేమీ లేదు.

దీనివల్ల మనకి వచ్చిన చిక్కు ఏమిటంటే, ప్రభుత్వోద్యోగి పని చట్టప్రకారమే చేశాడని కోర్టు ముందుగా అనుకుంటుంది. చట్టప్రకారం చేశాడంటే, గెలిచిన మైకు పేరే వచ్చి ఉండాలి. కాదు, అమ్మ పేరు వచ్చింది అని రుజువు చేయవలసింది మనం. మన తరఫున మీరూ, మార్కెట్లో నలుగురూ చెబుతారు. వాళ్ళ తరఫున ఇంకో నలుగురు మాకేం గుర్తులేదంటారు. మైకూ అదే చెబుతాడు. లాయరు వాడితో అది బట్టీ పట్టించాడని తెలిసింది.

మా సీనియర్ మాత్రం ఒక్కటే అడిగారు: "ఆ మైకు టీకొట్టు దగ్గర నిజంగా అంత బాగా చెబుతాడా?" మీ ఉత్తరంలోని ఆ పేరా మళ్ళీ చదివించుకుని, వాడిని తానే ప్రశ్నిస్తానన్నారు. ఎందుకో నాకు చెప్పలేదు.

అమ్మకి పెద్దగా ఆశ పెట్టకండి. చీటీ వేసే రోజు దగ్గరపడుతోందని నాకు తెలుసు. తీర్పు ఆ లోపలే రావాలని రోజూ అనుకుంటున్నాను.

మీ
అమ్మడు

*

ప్రియమైన అమ్మడికి,

మీ అమ్మకు నేను ఏ ఆశా పెట్టలేదు. ఆమె తనంతట తానే పెట్టుకున్నది. బస్సులో నలగని బట్టలు వెతుకుతున్నది. మా సాక్ష్యాలు పోయిన వాయిదాలోనే అయిపోయాయి, నేను కొట్టు చూసుకోవాలి కనుక ఆమె ఒక్కతే వస్తున్నది. నాకు బదులు నువ్వు ఆమె పక్కన కూర్చో.

నాన్న

*

ప్రియమైన నాన్నా,

అమ్మ బస్సు దిగి, "గెలిచాం" అని ఒక్క మాట చెప్పి మిషను ముందు కూర్చుంటుందని నాకు తెలుసు. అందుకే అంతా రాస్తున్నాను. ఉత్తరం ఆమె కంటే ఆలస్యంగా చేరినా సరే, చదవండి.

మైకు ఇస్త్రీ చొక్కా వేసుకుని బోనెక్కాడు. మా సీనియర్ నిదానంగా మొదలుపెట్టారు. చీటీ మీద ఎవరి పేరుంది? గుర్తులేదండి. ఎవరు తీశారు? గుర్తులేదండి. అప్పుడు మా సీనియర్ ఆ సంగతి తానే చెప్పడం మొదలుపెట్టారు. కావాలనే ఎంత చప్పగా చెప్పారో, నాకే ఆవలింత వచ్చింది. "డబ్బా తెచ్చారు. పోలీసాయన చీటీ తీశాడు. వెంటనే చదివేశారు. మీరు ఇంటికి వెళ్ళిపోయారు. అంతే కదా?"

మైకు ముఖం మారిపోయింది. "వెంటనే ఎక్కడ చదివారండీ" అన్నాడు.

వాళ్ళ లాయరు లేచాడు. జడ్జిగారు ఆయన్ని కూర్చోమని సైగ చేసి, "చెప్పనివ్వండి" అన్నారు.

ఇక ఆగలేదు, నాన్నా. పోలీసాయన చెయ్యి డబ్బాలో ఇరుక్కోవడం, చీటీ మడత విప్పడం రాక అధికారిగారికి ఇవ్వడం, ఆయన కళ్ళజోడు కోసం జేబులన్నీ వెతుక్కోవడం, అన్నీ చెప్పాడు. ఫ్యాను చప్పుడు కూడా నోటితో చేసి చూపించాడు. వెనక బల్లల్లో వేరే కేసుల వాళ్ళు కూడా ముందుకు వంగి విన్నారు. "నా ఊపిరి ఇక్కడ ఆగిపోయిందండీ" అని గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అప్పుడు చదివారు."

"ఎవరి పేరు?" అన్నారు మా సీనియర్, చాలా మెల్లిగా.

"అక్కదేనండీ. అక్క పేరు వచ్చింది కాబట్టే కదా నేను గెలిచింది."

వాళ్ళ లాయరు తల పట్టుకున్నాడు. మైకు ఆయన వైపు చూసి, తర్వాత అమ్మ వైపు చూశాడు. "జరిగింది జరిగినట్టే చెప్పానక్కా" అన్నాడు. అమ్మ తల ఊపింది. "బాగా చెప్పావు" అన్నది. ఇది కోర్టు, సంభాషణలు కూడదు అని జడ్జిగారు హెచ్చరించారు, పెదవులు బిగబట్టుకుని.

ఇక వాళ్ళ లాయరుకు మిగిలింది ఒక్కటే వాదన. పిటిషనరు స్వయంగా ఓటమి ఒప్పుకున్నారు, ఇప్పుడు వెనక్కి తీసుకోకూడదు అని. ఇంట్లో అమ్మని పీడించిన మాటే అది. తీర్పులో దీనికి జడ్జిగారి జవాబు నేను మాట పొల్లుపోకుండా రాసుకున్నాను: "ఊరి అలవాటు ఎంత పాతదైనా చట్టాన్ని తిరగరాయలేదు. ఇక ఒప్పుకోలు సంగతి. ఆ కుర్చీ, మర్యాద కోసం వదులుకోవడానికి, ఈమె సొంత ఆస్తి కాదు. అది ఓటర్లది."

ఆ ఎన్నిక చెల్లదన్నారు. అమ్మ గెలిచినట్టు ప్రకటించారు. కొత్త సభ్యురాలు ప్రమాణం చేసి కౌన్సిలు కూర్చునేదాకా మార్కెట్లో చీటీ వేయవద్దని మా సీనియర్ అడిగితే, అదీ ఇచ్చారు.

బయటికొచ్చాక అమ్మ మెట్ల మీద కూర్చుని, "ఓటర్లది అన్నారు కదూ" అని నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. బరువు దించుకున్న మనిషిలా ఉంది.

మీరు లేని లోటు తప్ప ఏ లోటూ లేని
అమ్మడు

*

ప్రియమైన అమ్మడికి,

నీ ఉత్తరాన్ని మార్కెట్లో నాలుగు చోట్ల చదివి వినిపించాను. ఇక ఇక్కడి కబుర్లు.

మీ అమ్మ ప్రమాణం చేసిన రోజునే తీర్మానం ప్రవేశపెట్టింది. నేను రాసిచ్చిన ప్రసంగం ఇంట్లోనే మరిచిపోయి వెళ్ళింది. మరుపు అని ఆమె అంటున్నది, నేను నమ్మడం లేదు. ఆమె అడిగినవి రెండే. కొట్టు ఉన్నవారికి అది ఖాయంగా ఉండాలి. లేనివారికి, పాడైన లారీలు తుప్పు పడుతున్న మునిసిపాలిటీ షెడ్డును ఖాళీ చేసి ఇవ్వాలి. ఇన్నేళ్ళుగా చీటీ ఎందుకు తప్పలేదని ఛైర్మన్ అడిగితే, చోటు లేక అన్నారు సూపరింటెండెంటుగారు. "లారీలకి ఉన్న చోటు మనుషులకి లేదా అండీ" అన్నదట మీ అమ్మ. ఇలాంటి విషయాల్లో ఎన్నడూ కలవని రెండు పెద్ద పార్టీలూ ఒకేసారి చేతులెత్తాయి. పేపర్లవాళ్ళు వచ్చి ఉండడం అందుకు కొంత కారణమైనా, ఎత్తిన చేయి ఎత్తినట్టే లెక్క. తీర్మానం నెగ్గింది. ఇకపై చీటీ లేదు.

సూపరింటెండెంటుగారు సభ ముగిశాక మీ అమ్మ దగ్గరికి వచ్చి, ప్రతి ఏడూ ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయేవాడినని అన్నారట. ఆమె ఆయనకు కుర్చీ చూపించింది.

లారీలు కదిలాయి. షెడ్డులో మొదటి చోటు గొడుగుల తాతది. నిన్న వాన కురిసింది. ఆయన లోపల కూర్చుని పని చేసుకుంటూ, బయట తడుస్తున్నవారిని పిలిచి, అంతకుముందెన్నడూ లేనంత గీచి గీచి బేరమాడాడు.

ఈ ఉదయం ప్రకటన బయలుదేరింది. కొత్త చోట్ల వివరాలు ఊరంతా చెప్పించాలని మునిసిపాలిటీవారు మైకునే పిలిచారు. వాడు వస్తాడా అని కొందరు సందేహించారు. వాడు బండికి దండ కట్టుకుని మరీ వచ్చాడు. ఓడిపోయిందీ నువ్వే, చాటింపు వేసేదీ నువ్వేనా అని టీకొట్టాయన ఎగతాళి చేశాడు. "నాకంటే బాగా ఇంకెవడు చెబుతాడు?" అన్నాడు వాడు.

చెప్పవలసిన వివరాలు అరపేజీ. వాడు వాటితో ఆగలేదు. బండిని మార్కెట్ మధ్యలో నిలిపి, డబ్బాతో మొదలుపెట్టాడు. పోలీసాయన చెయ్యి ఇరుక్కున్నది. కళ్ళజోడు కోసం జేబులు వెతుకుతున్నారు. బేరాలు ఆగిపోయాయి. తూకం వేసేవాడు రాయి చేతిలో పట్టుకునే నిలబడిపోయాడు. మీ అమ్మ కూడా మిషను ఆపింది. పాదం పెడలు మీదే ఉంచి, తల కొంచెం వంచి వింటున్నది, ఎవరు గెలిచారో ఇప్పుడే తెలియబోతున్నట్టు.

ఆమె తరఫునా, నా తరఫునా ముద్దులతో,
నాన్న