చిమ్నీ మీద నల్లగీత

మార్చి 4

రోజూ నాలుగు లైన్లు రాయమన్నాడు డాక్టరు. అలా రాస్తే చేతి వణుకు కొంచెం అదుపులోకి వస్తుందట. నేను చదివింది మూడో క్లాసు. మిగతా అక్షరాలు కొట్ల బోర్డులు చూసి నేర్చుకున్నవే. ఎవరికి రాయాలయ్యా అంటే ఎవరికీ వద్దు, చేతికోసం రాయండి అన్నాడు. రాశాను. నాలుగు దాటింది. చాలు.

మార్చి 6

మా అమ్మాయి స్టూడియోకి పొడుగు లెన్సు ఒకటి కొంది. సెకండ్ హ్యాండ్. మోచెయ్యంత ఉంది. దూరంగా ఉన్నది దగ్గరగా కనపడుతుంది, అది నాకు తెలిసిందే. కొత్త సంగతేమంటే చెయ్యి వణికినా బొమ్మ వణకదట. లోపల ఒక గాజు బిళ్ళ మన వణుక్కి ఎదురు కదులుతుందట. దాని పేరు స్టెబిలైజర్. పక్కన చిన్న మీట ఉంది. అమ్మినవాడు దాన్ని ఎప్పుడూ ఆపొద్దన్నాడట.

నేను ఊపిరి బిగబట్టి, మోచేతులు డొక్కకి ఆనించి ఫోటోలు తీసినవాణ్ణి, నాకెందుకీ ఊతకర్ర అన్నాను. ముందు వాడి చూడు నాన్నా, తిట్లు తర్వాత తిడుదువు గాని అంది.

మార్చి 9

ఇవాళ పనికి వెళ్ళాను. చాలా రోజుల తర్వాత.

అల్లుడిది ఎత్తుల మీద రంగులేసే పని. ఫ్యాక్టరీ చిమ్నీ ఒకటి ఒప్పుకున్నాడు. కింద నుంచి మొన దాకా గోడని ఆనుకుని ఇనుప నిచ్చెన ఉంది, దాన్ని గోడకి క్లాంపులు పట్టుకుని ఉన్నాయి. మనిషి ఎక్కే ముందు ఆ క్లాంపులన్నీ ఫోటోలు తీసి ఇంజనీరుకి చూపించాలి. పక్కనే విమానాలు దిగే చోటు, డ్రోన్ ఎగరేయనివ్వరు. అందుకే ఈ లెన్సు.

అమ్మాయికి వేరే పని పడింది. నేను పోతానన్నాను. కెమెరా స్టాండు తీసుకెళ్ళు నాన్నా అని గుమ్మం దాకా వచ్చి చెప్పింది. ఆ బరువు మోసే ఓపిక లేదు. ఆ మాట దానికి చెప్పే ఓపిక అసలే లేదు. చేత్తోనే తీశాను. కంటికి పెట్టుకోగానే చిమ్నీ బిగదీసినట్టు నిలబడిపోయింది. నా చెయ్యి మాత్రం కొట్టుకుంటూనే ఉంది.

అన్నిటికన్నా పై క్లాంపు దగ్గర, గోడకీ ఇనుముకీ మధ్య ఖాళీ వదిలినట్టు ఒక నల్లగీత ఉంది. సన్నగా.

మార్చి 10

గీత చూసి ఇంజనీరు మొహం చిట్లించాడట. ఎవరు తీశారు, స్టాండు మీద తీశారా అన్నాడట. చేత్తో తీశారు, మా మామగారు, చేతులు కాస్త వణుకుతాయి అని అల్లుడు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. సత్యహరిశ్చంద్రుడు. మళ్ళీ తీయించమన్నాడట.

మార్చి 11

అమ్మాయి స్టాండు వేసి తీసింది. కెమెరాని ముట్టుకుంటే కదులుతుందని దూరం నుంచి రిమోట్ నొక్కింది. స్టాండు ఉంది కదా అని షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండేలా నెమ్మదిగా పెట్టింది. ఏ తప్పూ చేయలేదు, నేను పక్కనే ఉన్నాను.

గీత లేదు.

ఇంజనీరు ఫోన్లో చూసి సరే అన్నాడు. అల్లుడు నవ్వుతూ, అది క్లాంపు దగ్గర ఖాళీ కాదు మామయ్యా, మీ చెయ్యి గీసిన గీత అన్నాడు. అమ్మాయి కూడా నవ్వింది. అల్లుడు ఆదివారం పొద్దున ఎక్కుతాడట.

నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

మార్చి 12, మధ్యాహ్నం

రెండు ఫోటోలూ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టించాను. చిమ్నీ మొన మీద పిడుగు కడ్డీ ఉంది. నా ఫోటోలో అది సూదిలా ఉంది. అమ్మాయి ఫోటోలో వేలంత లావుంది. నా చెయ్యి వణికి గీత వచ్చిందంటే కడ్డీ కూడా చెదరాలి కదా? గీత ఒక్కటే వణికి, కడ్డీ ఎందుకు వణకలేదు?

అడిగాను. పాత లెన్సు, పైగా దూరం, కాస్త మసక ఉంటుంది, అయినా స్టాండు అబద్ధమాడదు కదా నాన్నా అంది. నేను ఆడతానన్నమాట. తను అనలేదు. నాకే వినపడింది.

మార్చి 12, సాయంత్రం

మేడెక్కి దూరంగా ఉన్న టవర్ని తీశాను. చేత్తో తీస్తే షార్ప్. స్టాండు మీద పెట్టి నెమ్మది షట్టర్‌తో తీస్తే మసక. మళ్ళీ చేత్తో తీశాను, షార్ప్.

వణికే చేతిలో నిలకడ, కదలని స్టాండు మీద వణుకు. ఇదెక్కడి తిరకాసు?

మార్చి 13

నా చెయ్యి బాగయిపోయింది! ఇక వేరే కారణమేముంది? తెల్లారగానే ఫోటోలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రొమ్ము విరుచుకునే వెళ్ళాను. అతను ఫోటోలు చూడలేదు. గ్లాసు నిండా నీళ్ళిచ్చి పట్టుకోమన్నాడు.

చొక్కా తడిసింది.

మార్చి 14

స్టాండు మీద కెమెరా పెట్టి, ముట్టుకోకుండా లోపలికి చూశాను. టవర్ కదులుతోంది! చాలా నెమ్మదిగా, తాడు విప్పిన పడవలా, పక్కకి పోయి మళ్ళీ వస్తోంది. కన్ను తీసి చూస్తే టవర్ ఉన్నచోటే ఉంది. లెన్సుకి చెవి ఆనించాను. లోపల సన్నగా గురకలాంటి చప్పుడు.

అమ్మాయికి చెప్పాను. లెన్సు వైపు చూడనైనా లేదు, నా కళ్ళలోకి చూసింది. కళ్ళ డాక్టరుకి కూడా చూపిద్దాం నాన్నా అంది, మెల్లగా. దాని తిట్లకన్నా ఆ మెత్తని గొంతంటేనే నాకు భయం.

చెయ్యి పోయింది. ఇప్పుడు కన్ను కూడానా? అయితే ఆ గీత సంగతేమిటి?

మార్చి 15

అల్లుడు తాళ్ళు సర్దుకుంటున్నాడు. ఎక్కకురా అందామని మూడుసార్లు వెళ్ళాను. వెళ్ళి, వాడి బూట్లు బాగున్నాయని చెప్పి వచ్చాను. ఏ మొహంతో చెప్పను? నా మీద నాకే నమ్మకం లేదు.

మార్చి 16, ఆదివారం

నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చున్నాను. వాళ్ళు వచ్చేసరికే.

ఎవరీ పెద్దాయన, లేపండి అన్నాడు ఇంజనీరు. అల్లుడి మొహం కందిపోయింది. పనివాళ్ళందరూ చూస్తున్నారు, నా పరువు తీయకండి మామయ్యా అన్నాడు. నా పరువు గ్లాసులోంచి ఒలికి మూడు రోజులైంది, నీది కొంచెం ఒలికితే కొంపేం మునగదు అన్నాను. నన్ను ఎత్తి పక్కన పెట్టడానికి చంకల కింద చేతులు పెట్టాడు. మెట్టుని కాళ్ళతో చుట్టేశాను. సిగ్గు లేకుండా.

గీత ఉందో లేదో నాకు తెలీదు, తెలీదు కాబట్టే లేవను అన్నాను. అందరూ నవ్వారు. అమ్మాయి మాత్రం నవ్వలేదు. కోపంగా వెళ్ళి బండిలోంచి కెమెరా తెచ్చింది. స్టాండు వేసింది. ఇదిగో, నీ కళ్ళ ముందే తీస్తా, చూసి లేస్తావా అంది. రిమోట్ కాదు, నువ్వు కంటితో చూడవే, ఒక్కసారి అన్నాను.

వంగి చూసింది. చాలాసేపు లేవలేదు. తర్వాత, కదులుతోంది నాన్నా అంది.

ఆ మాటకి నా కాళ్ళు వాటంతటవే వదులయ్యాయి.

కాసేపు అటూ ఇటూ తడిమి, స్టెబిలైజర్ మీట ఆపింది. గురక ఆగింది, చిమ్నీ ఆగింది నాన్నా అంది. ఫోటో తీసింది. పిడుగు కడ్డీ సూదిలా ఉంది. పై క్లాంపు దగ్గర నల్లగీత.

ఇంజనీరు ఫోటో పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు, పని ఆపమన్నాడు. అల్లుడు వచ్చి నా పక్కన అదే మెట్టు మీద ఇరుక్కుని కూర్చున్నాడు. జరగండి మామయ్యా అన్నాడు. అంతే.

మార్చి 18

క్రేను తెప్పించి, బుట్టలో మనిషిని పైకి పంపారు. గోడలో బోల్టు లేదు, తుప్పే ఉందట. చేత్తో లాగితే క్లాంపు ఊడి వచ్చిందట. అల్లుడు అక్కడి దాకా ఎక్కి ఉంటే... రాయను.

అమ్మాయి ఎక్కడో చదివి వచ్చి వివరంగా చెప్పింది. కొత్త లెన్సులైతే స్టాండుని గుర్తుపడతాయట. ఇది పాతది. స్టాండు మీద సరిదిద్దడానికి వణుకు లేకపోతే, ఉందనుకుని తనే కదులుతుందట. పని లేకపోతే కుదురుగా కూర్చోదు, నీలాగే అంది. ఆ మీట ఎప్పుడు ఆపాలో తెలుసుకోకుండా వాడాను, తప్పు నాదే అంది. అర్థమైందా నాన్నా అంది. అయిందన్నాను.

కాలేదు. వణుకు ఉంటే నిలబెడుతుంది, లేకపోతే పుట్టిస్తుంది. మరి మంచిదా చెడ్డదా? రేపు మళ్ళీ అడగాలి.

మార్చి 20

మీట ఆపేసి, చేత్తో అల్లుణ్ణి ఒక ఫోటో తీశాను. ఫోటోలో ఇద్దరు అల్లుళ్ళు వచ్చారు. ఇద్దరూ నేల మీదే ఉన్నారు.