అమ్మ కమ్మల్లో కాకిపాదం

కోయంబత్తూరు

అమ్మకు రంజని దండాలు. నీ వజ్రాల కమ్మలు భద్రంగా ఉన్నాయి, కంగారు పడకు. ఫోనులో చెబితే మధ్యలోనే పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను.

నీ మనవరాలు నిత్య పెళ్ళికి ఇట్లాంటి మచ్చలేని రాళ్ళే కొనమని వాటిని నమూనాకు ఇచ్చావు కదా. నగల కొట్టులో లెన్సు పెట్టి చూస్తే ప్రతి రాయిలోనూ ఏదో ఒక చుక్క. నేను వద్దు వద్దంటుంటే అమ్మే పిల్ల నవ్వింది. "రాయితో ఇచ్చే క్లారిటీ కాగితంలో ఇవన్నీ రాసే ఉంటాయక్కా. కంటికి తెలియని పుళ్ళి, ఈ చుక్క, మెరుపును ఏమీ చేయదు. మొదట మీ అమ్మ కమ్మ చూడండి" అంది.

చూశాను. నీ ఎడమ కమ్మ నడిమి రాయిలో, నల్లగా, మూడు వేళ్ళతో కాకిపాదం! మొగుణ్ణి మింగే రాయని నువ్వే చెబుతావే, అదే!

అన్న పోయినప్పుడు "నీ పుడకలో చుక్కే నా కొడుకును మింగింది" అని వదిన ముక్కుపుడక తీయించావు. దానిలో ఉన్నది ఒక్క చుక్క. నీ చెవిలో ఏకంగా పాదమే ఉన్నా, నైనా ఎనభై దాటి ఇంకా తోటకు నడిచి పోతున్నాడు.

నైనా మోకాలి నొప్పి తగ్గిందా? వచ్చేటప్పుడు నిమ్మకాయ ఊరగాయ తే. బీరువాలో దాచిన ఆ పుడక తీసి, నీ చేత్తోనే వదినకు పెట్టి పెళ్ళికి తీసుకురా.

నైనాకు దండాలు. ఈ సంగతి ఆయనకు చెప్పకపోయినా పరవాలేదు, నవ్వేస్తాడు. వదినకు మాత్రం నీ నోటితోనే చెప్పు.

నీ కూతురు,
రంజని