తనతో తనే మాట్లాడుకున్న ఆదెన్న

ఆళ్లగడ్డ,
2004 ఆగస్టు 9

నంద్యాలలోని 'మాటామంతి' ఇంటర్నెట్ కంపెనీ వారికి, ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుకునే ఆదెన్న దండాలు.

అయ్యా, మీరు నా నోరు కట్టేశారు. మొన్న శుక్రవారం మా వీధి నెట్ సెంటర్లో కూర్చుని, మీరు ఆళ్లగడ్డ వాళ్ల కోసం తెరిచిన మాటల గదిలోకి పోయాను. అక్కడ ఎవరో అడుగుతున్నారు: "నారాయణ అయ్యవారి బళ్లో చదివినోళ్లు ఎవరన్నా ఉండారా?" నేను ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను: "నేనుండానప్పా, ఆదెన్నను." వెంటనే జవాబు వచ్చింది: "ఒరేయ్ ఆదిగా! నేను షాహిద్‌ను. బతికే ఉండావా?"

షాహిద్, నేను ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లం. నలభై ఏళ్ల కిందట కుట్టుపనికని బొంబాయి పోయినవాడు మళ్లీ కనబడలేదు. యాడ ఉండావురా అని అడగబోయేసరికి తెర మీద ఎర్ర అక్షరాలు: "మీ ఖాతా మూసివేశాం. వయసు రుజువు చూపండి." నాకు వాడి ఊరు తెలియదు, ఫోన్ నంబరు తెలియదు. వాణ్ని చేరడానికి మీ గది ఒక్కటే దారి. దయచేసి తలుపు తీయండి.

ఇట్లు,
ఎర్ర అక్షరాలకు జడుసుకున్న
ఆదెన్న

తా.క.: సంతలో ఎద్దు వయసు పళ్లు చూసి చెబుతారు. నావి పంపుదామంటే మిగిలినవి కొన్నే, వాటితో నాకు పని ఉంది.

నంద్యాల,
ఆగస్టు 14

గౌరవనీయులైన ఆదెన్న గారికి, వయసు నిర్ధారణ అధికారి నాగవేణి నమస్కారాలు.

పద్దెనిమిదేళ్లు నిండినవారికే మాటల గదిలో ప్రవేశం. అయితే మీకు వచ్చిన చిక్కు అది కాదు. పుట్టిన తేదీ 1940 జూలై 1, ఊరు ఆళ్లగడ్డ, బడి నారాయణ గారిది అని మీరు రాశారు. షాహిద్ అనే ఖాతాలోనూ పొల్లుపోకుండా అవే వివరాలు ఉన్నాయి. ఒకే మనిషి రెండు పేర్లతో దూరి తనతో తనే మాట్లాడుకుంటున్నాడని మా యంత్రం తేల్చి, రెండు ఖాతాలూ మూసేసింది. అది ఇంతవరకు పొరబడలేదు. మీ వయసుకు సాక్ష్యం పంపండి. షాహిద్ గారిని కూడా అడిగాం.

ఆయన చిరునామా మాత్రం ఇవ్వలేం. ఒకరి వివరాలు మరొకరికి చెప్పకూడదని మా నియమం. యంత్రం లెక్కలో ఆయన మీరే కదా, మీ చిరునామా మీకే ఇచ్చినట్టవుతుంది కదా అని మేనేజరు గారిని అడిగాను. దానికీ నియమం ఒప్పుకోదన్నారు.

ఇట్లు,
నియమం దాటలేని
నాగవేణి

తా.క.: నా పుట్టినరోజు కూడా జూలై ఒకటే! ఎంత విచిత్రమో చూడండి.

ఆళ్లగడ్డ,
ఆగస్టు 19

అమ్మా నాగవేణీ, ఆదెన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి ఉలి పక్కన పెట్టి అట్లే కూలబడ్డాను. నంద్యాలలో ఉన్న పెట్టె, ఆళ్లగడ్డలో ఉన్న నన్నూ ఎక్కడో ఉన్న షాహిద్‌నూ పక్కపక్కన నిలబెట్టి చూసి, ఇద్దరూ ఒకటే అందా! మా అమ్మ మద్దమ్మ కూడా అదే అనేది. "మీరిద్దరూ ఒగటే కదరా, ఎవున్ని కొడితే ఏంది?" అని ఇద్దరినీ బాదేది. ఆ సంగతి నీ యంత్రానికి ఎవరు చెప్పారు తల్లీ? నాకు దాని మీద భక్తి కుదురుతోంది.

రుజువు అడిగావు, సరే. కానీ పుట్టిన గడియ, నక్షత్రం పరాయివాళ్ల చేతికి చిక్కకూడదని మా ఇంట్లో పట్టింపు. అవి చెప్పను, ఏమనుకోవద్దు. నేను పంపేది ఎవరి బీరువాలో పెడతావు? దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది? బడిలో చేరిన రోజు అయ్యవారు ఏ రుజువు అడిగారో అదే ఫోటో తీయించి జత చేస్తున్నాను. అంతకు మించిన రుజువు మా కాలంలో జిల్లాలోనే లేదు.

ఇట్లు,
నీ యంత్రానికి చేతులెత్తి మొక్కుతున్న
ఆదెన్న

తా.క.: ఫోటో తీసేవాడు నవ్వు ఆపుకోలేక మొదటి రెండూ పాడుచేశాడు. వాటికి దుడ్లు ఇవ్వనని చెప్పేశాను.

నంద్యాల,
ఆగస్టు 28

గౌరవనీయులైన ఆదెన్న గారికి, నాగవేణి నమస్కారాలు.

ఫోటో అందింది. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకున్నారు. ఇంత పెద్దవారు మమ్మల్ని క్షమాపణ అడగాలా అండీ! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మేనేజరు గారైతే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

కానీ చిక్కు ముదిరింది. మర్నాడే షాహిద్ గారి ఫోటో వచ్చింది. అదే చెయ్యి, అదే చెవి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఇద్దరు ఒకేలా ఎలా నిలబడతారు? యంత్రం అనుమానం గట్టిపడింది. నిజం చెప్పాలంటే నాకూ గుబులుగా ఉంది. మీరు నిజంగా ఇద్దరేనా?

చివరి అవకాశంగా ఇద్దరికీ ఐదు ప్రశ్నలు పంపుతున్నాం. మొదటి గురువు ఎవరు, ఇష్టమైన తిండి ఏది, చిన్నప్పుడు తగిలిన పెద్ద దెబ్బ ఏది, దేనికి ఎక్కువ భయపడేవారు, ప్రాణస్నేహితుడు ఎవరు. జవాబులన్నీ ఒకటే అయితే రెండు ఖాతాలూ శాశ్వతంగా చెరిపేస్తారు.

ఇట్లు,
నిద్రపట్టని
నాగవేణి

తా.క.: మీ ఫోటో బీరువాలో ఉండదు. బెంగళూరులో ఒక పెద్ద యంత్రం ఉంది, దాని కడుపులో దాస్తాం.

ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 3

అమ్మా నాగవేణీ, ఆశీస్సులు.

షాహిద్ కూడా చెవి పట్టుకున్నాడా! పిచ్చివాడిలా నవ్వాను. ఆ తర్వాత ఏడ్చాను.

తల్లీ, అది క్షమాపణ కాదు. మా కాలంలో పుట్టిన తేదీ ఎవరికి తెలుసు? పిల్లవాడి చెయ్యి తల మీదుగా అవతలి చెవిని అందుకుంటే ఐదేళ్లు నిండినట్టు లెక్క. అందగానే నారాయణ అయ్యవారు "పో, కూచో పో" అని, ఐదేళ్లు వెనక్కి లెక్కేసి జూలై ఒకటి అని రాసుకునేవారు. మా తరగతి మొత్తం ఒకే రోజు పుట్టింది. నిజానికి నేను కుందూ ఏరు పొంగినప్పుడు పుట్టాను, షాహిద్ అంతకు ముందు పీర్ల పండగకు. బడిలో వేసిన రోజు వాడి చెయ్యి అందింది, నాది అందలేదు. వాడే వెనక నుంచి నా మోచేతిని పైకి తోశాడు. నీ యంత్రం పట్టుకున్న తేదీ నాకు వాడు ఇప్పించిందే.

జవాబులు వేరే కవరులో అతికించాను. నువ్వు తప్ప ఎవరూ విప్పకూడదు. ఒకే బడి, ఒకే తిండి, ఒకే దెబ్బలు తిన్నవాళ్లం, జవాబులు వేరుగా ఎట్లుంటాయి? ఒక్క అబద్ధం రాద్దామనుకున్నాను. షాహిద్ విషయంలో అబద్ధానికి చెయ్యి రాలేదు. వాడు మళ్లీ తప్పిపోతే ఇక వెతికే వయసు నాకు లేదు.

ఇట్లు,
భయంతో
ఆదెన్న

తా.క.: నేను చూడని బెంగళూరును నా వయసు చూసేసిందన్నమాట. అక్కడ చలి ఎక్కువట, జాగ్రత్తగా చూసుకోండి.

నంద్యాల,
సెప్టెంబరు 11

పెదనాయనా, నాగవేణి నమస్కారాలు.

నిన్న ఇద్దరి జవాబులూ యంత్రంలోకి ఎక్కించాం. ఆఫీసంతా చుట్టూ మూగింది. షాహిద్ గారి అనుమతితోనే ఇది రాస్తున్నాను. గురువు: ఇద్దరికీ నారాయణ అయ్యవారు. తిండి: ఇద్దరికీ ఉగ్గాని. దెబ్బ: ఇద్దరూ ఒకే సీమచింత చెట్టు మీంచి పడ్డారు. భయం: ఇద్దరికీ మద్దమ్మ గారి చెయ్యి. మేనేజరు గారు చెరిపేసే మీట మీద వేలు పెట్టేశారు.

ఐదోది మిగిలింది. ప్రాణస్నేహితుడి పేరు. మీరు షాహిద్ అని రాశారు. ఆయన ఆదెన్న అని రాశారు.

యంత్రం కాసేపు ఆగి, "ఇద్దరూ వేర్వేరు వ్యక్తులు" అని చూపింది. మేనేజరు గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయారు.

రెండు ఖాతాలూ తెరిచాం. షాహిద్ గారు పూనాలో ఉన్నారు, చిరునామా వెనక రాశాను. ఖాతా తెరిచిన నిమిషంలోనే ఆయన మీకోసం రాయడం మొదలుపెట్టారు. నియమం ప్రకారం నేను చదవకూడదు. మొదటి ముక్క మాత్రం కంటపడింది: "ఒరేయ్ ఆదిగా, ఇప్పుడన్నా చెయ్యి అందుతాందా?"

ఇట్లు,
నియమం కొద్దిగా తప్పిన
నాగవేణి

తా.క.: మా అమ్మ ఉమామహేశ్వరమ్మను అడిగాను. నేను పుట్టింది కార్తీకంలోనట. చెవి అందకపోతే టీచరమ్మే నా తల వంచిందట. ఏటా జూలై ఒకటిన ఆఫీసులో కేకు కోస్తున్నాను. వయసు నిర్ధారణ అధికారి వయసే నిర్ధారణ కాలేదని దయచేసి మా యంత్రానికి చెప్పకండి.