మెడ మీది పట్టీ

కరామా, మంగళవారం, మార్చి 1984

మెడలోని గడ్డ నుంచి ఈ రోజు చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. క్యాన్సరో కాదో సోమవారం తెలుస్తుంది. నర్సు భీమవరం వైపు అమ్మాయి. "రిపోర్టు చెప్పే రోజు ఒక్కరే రాకండి బాబాయ్ గారూ, ఎవర్నైనా తోడు తెచ్చుకోండి" అంది. ఎవరిని తెచ్చుకోను?

గల్ఫ్‌కు పనికొచ్చిన ఆరుగురం ఈ గదిలో ఉంటున్నాం. పదేళ్లు వీళ్ల ఉత్తరాలన్నీ నేనే రాశాను. గంగారాం టేప్ రికార్డర్ కొన్నాక అందరూ క్యాసెట్లో మాట్లాడి ఇంటికి పంపుతున్నారు, నాతో పని తీరిపోయింది. "నా పెండ్లానికి నా మాటలు రాయమంటే నీ పుస్తకాల మాటలు రాసినవు సార్" అని అందరి ముందూ నవ్వాడు. చదువురాని వాడి నవ్వు. దాన్ని నేను క్షమించలేదు. రెండేళ్లుగా మాటల్లేవు.

సాయంత్రం నా పట్టీ చూసి అతనే పలకరించాడు.

"ఏమైంది సార్ మెడకు?"

"గడ్డం గీసుకుంటే తెగింది."

"బ్లేడుతోని గీసుకున్నవా, తల్వార్‌తోనా?"

నా మంచం పరదా లాక్కున్నాను. అవతల అతను భార్యకు క్యాసెట్ నింపుతున్నాడు. పిల్లల చదువు, ఇంటి కప్పు సంగతులయ్యాక గొంతు తగ్గించాడు.

"మా రూంల సారుకు ఏమో అయింది. అడిగితే చెప్తలేడు. ఆయన పేరు మీద ఎల్లమ్మకు ఒక కొబ్బరికాయ కొట్టు."

వీళ్ల ప్రతి ఉత్తరంలోనూ నేను మొదట రాసింది, ఇక్కడ అందరం క్షేమం అనే.

సోమవారం తోడు రమ్మని గంగారాంను అడగాలి. ఇన్ని ఉత్తరాలు రాసిన వాణ్ణి, ఆ ఒక్క మాట ఎలా మొదలుపెట్టాలో...