మామిడి చిగురు రంగు సీటు

రాయచూరు,
కార్తీకం వెళ్ళిన మర్నాడు

చి.ల.సౌ. లక్ష్మీతిరుపతమ్మకు,

నీ భర్త ప్రాణేశ్ ఆశీర్వదించి రాయునది అని మొదలుపెట్టాలట. రెండేళ్ళు పెద్దవాణ్ణయినంత మాత్రాన ఆశీర్వాదాలేమిటని నువ్వు నవ్వుతావు గనక అది ఎగ్గొడుతున్నాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అంటే ఎవరు? నేను, కుట్టు మిషను, వాకిట్లో నువ్వు పెట్టిన కరివేపాకు మొక్క. ముగ్గురం క్షేమమే. అక్కడ మామగారు, నువ్వు కాస్త కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం కండక్టరు మహాంతేశ్ తెచ్చిచ్చాడు. మీ ఊరి నుంచి వచ్చే సిరవార బస్సు స్టాండులో ఆగీ ఆగగానే తన సంచీలోంచి ముందు దాన్నే తీసి నా చేతిలో పెట్టాడు. "ఏమప్పా, ఫోన్ ఉండంగ మల్ల ఈ ఉత్తరాలేంది? కొత్తగ పెండ్లయినట్ల!" అని బస్సంతా వినేలా అన్నాడు. వాడికేం చెప్పను? ఫోనులో నువ్వు "తిన్నారా" అంటావు, నేను "తిన్నా" అంటాను, అక్కడితో మన మాటలు అయిపోతాయి. పైగా పక్క మంచం మీద మామగారు వింటుంటారని నేనే ఫోను పెట్టేస్తాను. కాగితానికి ఆ బాధ లేదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. పొద్దున హోటల్లో మండక్కి బొరుగులు, మిరపకాయ బజ్జీ తింటున్నాను, కోప్పడకు. రాత్రికి పక్కింటి మారెవ్వ జొన్నరొట్టెలు చేసిస్తోంది. ఇచ్చేటప్పుడు రోజూ ఒకటే మాట, "నీ ఇంటామె ఎన్నడొస్తది?" అని. రొట్టె మెత్తగానే ఉంటుంది, ఆ మాటే నమలలేకపోతున్నాను. దుప్పట్లు ఉతికాను. గ్యాసు వచ్చింది. నీ నీలం చీర ఇంకా దండెం మీదే ఉంది, మడత పెట్టమని రాశావు గానీ పెట్టలేదు. పెడితే ఇంట్లో ఇంకెవరూ లేనట్టే ఉంటుంది.

శ్రావణంలో మామగారికి కుడి పక్క పడిపోయి, మాట కూడా పోయిందని తెలిసినప్పుడు రెండు చీరలు సంచీలో వేసుకుని వెళ్ళావు. వారం పది రోజుల్లో వస్తానన్నావు. నువ్వు తప్ప ఆయన్ని చూసేవాళ్ళు లేరని నాకు తెలియదా? తెలుసు. తెలిసినా పొద్దు గూకేసరికి ఇల్లు మింగేస్తుంది. ఇది ఫిర్యాదు కాదు, వార్త.

ఇక సీట్లు కుట్టడానికి నా షాపుకి వచ్చిన మీ నాన్న కారు సంగతి. సీటు అసలు రంగేమిటని అడిగావు. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ ఫియట్‌లో తిరిగినదానివి, నీకే తెలియదంటే ఎవరైనా నమ్ముతారా? నేను నమ్ముతాను. మీ నాన్న ఆ కారు కొన్న రోజున షోరూము వాళ్ళు కప్పిన ప్లాస్టిక్ కవరు తియ్యనివ్వలేదు. అది చిరిగితే దాని మీద బట్ట కవరు, దాని మీద మళ్ళీ ప్లాస్టిక్. ఎండాకాలం కాళ్ళకు అతుక్కుని చర్మం ఊడొచ్చేదని, తీసెయ్యమంటే "సీటు పాడైపోద్దే పిచ్చిదానా" అనేవారని నువ్వే చెప్పావు. ఒక్కొక్క పొరా విప్పుతుంటే ఉల్లిపాయ ఒలిచినట్టే ఉంది. కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, కానీ అది దుమ్ముకి.

అడుగున చూస్తే అంతా కుళ్ళు. గాలి ఆడక, లోపలి చెమ్మ బయటికి పోక, కొబ్బరి పీచు నల్లబడి పొడి అయిపోయింది. స్ప్రింగులు తుప్పు పట్టాయి. పొలం నుంచి వచ్చిన వడ్లగింజలు ఆ పీచులో పడి మొలకెత్తి, ఎండిపోయి ఉన్నాయి. సీటులో నారుమడి వేసిన రైతు మీ నాన్నొక్కడే! పాడవకూడదని దాచి దాచి, ఆ దాచడంతోనే పాడు చేశారు. పక్క షెడ్డు ఇంజను మేస్త్రీ యంకప్ప చూసి, "మా కాక గిట్లనే పెండ్లి చెప్పులు పెట్టెల దాచిపెట్టె. ఎలుకలు తొడుక్కున్నయ్" అన్నాడు.

రంగు మాత్రం దొరికింది. వెనక సీటు కింద ఇనప పట్టీ బిగించిన చోట ఒక ముక్క చెక్కుచెదరకుండా ఉంది. మామిడి చిగురు రంగు, లక్ష్మీ. ఎరుపూ కాదు, గోధుమా కాదు, లేత చిగురు మీద ఎండ పడితే ఉంటుందే, అది. అలాంటి రెగ్జిన్ కోసం రాయచూరంతా తిరిగి చివరికి హైదరాబాదు నుంచి తెప్పించాను. పాత గుడ్డ కుట్లు విప్పి, దాన్నే అచ్చుగా పరిచి కత్తిరించాను. తలుపుల లోపలి అట్టలు ఉబ్బిపోతే కొత్తవి కోశాను. పైకప్పు గుడ్డ బిగించేటప్పుడు ముడత రాకుండా మన ఊరి ఎండనే వాడుకున్నాను. మిట్టమధ్యాహ్నం రెగ్జిన్‌ని షెడ్డు రేకుల మీద ఆరేస్తే అప్పడాల పిండిలా సాగుతుంది. అప్పుడు లాగి అతికిస్తే, చల్లబడ్డాక డప్పులా బిగుసుకుంటుంది.

కంపెనీ వాళ్ళు పెట్టనిది ఒకటి నేను పెట్టాను. ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చునేవాళ్ళకి ఎడమ చేతి వైపు, తలుపుకి, లావుపాటి తోలు పట్టీ కుట్టాను. రెండు పొరలు వేసి, లోపల నవారు పెట్టి, బరువైన మనిషి పట్టుకుని లేచినా తెగకుండా. మీ నాన్నకి ఎడమ చెయ్యి ఒక్కటే ఆడుతోందని నువ్వు రాశాక కుట్టాను. అప్పటికి ఆయన మీద నా కోపం ఉన్నదున్నట్టే ఉంది. చెయ్యి మాత్రం కుట్టుకుంటూ పోయింది.

కోపం ఎందుకో నీకు కొంత తెలుసు, కొంత తెలియదు. మన పెళ్ళి రిజిస్ట్రారాఫీసులో జరిగిందని తెలిసిన రోజు ఆయన, "సూదిగాడికా నా కూతురు!" అన్న మాట తెలుసు. ఈ తొమ్మిదేళ్ళలో నా పేరు ఒక్కసారీ పలకలేదని తెలుసు. పిలవని ఇంటి గడప తొక్కనని నేను ఒట్టు పెట్టుకున్నదీ తెలుసు. నువ్వు ఆ రోజు ఆటోలో, ఒడిలో చిన్న పెట్టె పెట్టుకుని మన ఇంటికి వచ్చావు. "దింపడానికి మావాళ్ళు ఒక్కరైనా రాలేదండి" అని వాకిట్లో నిలబడి అన్నావు, ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ అనలేదు. నేను మాత్రం మర్చిపోలేదు.

తెలియనిది ఇది. దసరా ముందు మీ ట్రాక్టరు డ్రైవరు గోవిందప్ప ఆ కారుని తాడు కట్టి ఈడ్చుకొచ్చాడు. నా ముందే తాళంచెవి యంకప్ప చేతిలో పెట్టి, "పెద్దయ్య చెప్పిండు. ఇంజను నువ్వు చెయ్యాల్నంట, లోపటి పని పక్క షాపుకి ఇయ్యాల్నంట" అన్నాడు. పక్క షాపు అంటే నేను. పేరు లేదు, అల్లుడు లేదు, పక్క షాపు! యంకప్పే సిగ్గుపడి తల దించుకున్నాడు. వాపసు పంపేద్దామనుకున్నాను. కానీ వెనక సీట్లో ఎడమ కిటికీ దగ్గర అద్దం మీద నీ చిన్నప్పటి చిలక బొమ్మ స్టిక్కరు ఉంది. పంపలేకపోయాను.

ఇప్పుడు నీ ఉత్తరంలో ఆ నాలుగు వరసలు చదివాను. "కారు బాగుచెయ్యడానికి ఎవరికిద్దాం నాన్నా అంటే ఎడం చేత్తో గాల్లో సూది లాగినట్టు చూపించారండి. నాకు అర్థం కాలేదేమోనని మళ్ళీ చూపించారు. మీ పేరు పలకబోయి, నోరు తిరక్క ఏడ్చేశారు. గోవిందప్ప చెప్పలేదేంటి మీకు?"

చెప్పలేదు, లక్ష్మీ. వాడికి తోచినట్టు వాడు చెప్పాడు. నేను పక్క షాపులో కూర్చుని ఇన్నాళ్ళూ ఉడికిపోయాను. ఆ ఉత్తరం బస్టాండులోనే నిలబడి చదివాను. మహాంతేశ్ "ఏమాయె? అందరు బాగున్నరు గద?" అని భుజం పట్టుకున్నాడు. ఏడుపు ఆగలేదు. ఏ సూదినైతే తిట్టుగా అన్నారో, మాట పోయాక ఆ సూదితోనే నన్ను పిలిచారు.

ఇక దాచి లాభం లేదు. కారు ఇంకా అవలేదు, చిన్న చిన్న పనులున్నాయని నీకు రాస్తూ వచ్చాను కదా. అబద్ధం. పని దీపావళికే అయిపోయింది. ఇంజను అంతకు ముందే తయారు. యంకప్ప రోజూ పోరుతున్నాడు, "అరే భాయ్, సీటు కుడుతున్నవా, పట్టుచీర నేస్తున్నవా? బండి పంపియ్యరాదూ!" అని. నేనే పంపలేదు.

పక్క షాపు అన్నవాళ్ళు కాసేపు ఎదురుచూస్తే ఏం పోయిందని ఒక కారణం. రెండోది రాయడానికి సిగ్గుగా ఉంది. షాపు కట్టేశాక ఇంటికి వెళ్ళబుద్ధి కాక ఆ కారులో కూర్చుంటున్నాను. వెనక సీట్లో, ఎడమ కిటికీ దగ్గర, నువ్వు గౌను వేసుకుని కూర్చున్న చోట. ఒకరోజు యంకప్ప తలుపు తీసి, "కుట్టేదేం లేదు గద, లోపట ఒక్కనివే కూసుని ఏం జేస్తవ్?" అన్నాడు. "నా భార్య పక్కన కూర్చున్నా" అన్నాను. వాడు నవ్వలేదు. తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు. ఈ కారు వెళ్ళిపోతే నీది అంటూ నా దగ్గర ఆ నీలం చీర తప్ప ఇంకేం మిగలదని భయం వేసింది. చాలా ఒంటరిగా ఉంది, లక్ష్మీ. ఫోనులో "తిన్నా" అన్నప్పుడల్లా చెప్పాలనుకున్నది ఇదే.

కానీ రోడ్డు మీద హారన్ మోగినప్పుడల్లా మామగారు తల తిప్పి చూస్తున్నారని కూడా రాశావు. నా మొండితనానికి, నా ఏకాకితనానికి ఒక మంచాన పడ్డ మనిషిని గుమ్మం వైపు కళ్ళు కాయలు కాచేలా చేశాను. ఇది తప్పే. నువ్వు తిట్టు, వచ్చాక పడతాను.

ఆదివారం కారు నేనే నడుపుకుంటూ వస్తున్నాను. డ్రైవరునెవర్నీ పంపడం లేదు. ఒట్టు తుంగభద్ర కాలవలో పడేసి వస్తాను. వరి కోతల రోజులు గదా, రోడ్డంతా ట్రాక్టర్లే ఉంటాయి, కాస్త ఆలస్యమైతే కంగారు పడకండి. మీ గేటు ముందు హారన్ కొడతాను. అప్పుడు మామగారిని నడిపించుకురా. నువ్వొక్కతివే మొయ్యకు, నేను దిగి రెండో పక్క పట్టుకుంటాను. ముందు సీట్లో కూర్చోబెట్టి ఆ తోలు పట్టీ ఆయన ఎడమ చేతికి అందిద్దాం. నువ్వు వెనకాల నీ కిటికీ దగ్గర కూర్చో. అక్కడి నుంచి తిన్నగా మన ఇంటికి. ఆయన మంచం ముందు గదిలో వేసి ఉంచుతాను, మందులన్నీ సర్దుకో. ఉండేది నాలుగు రోజులో నాలుగేళ్ళో ఆయన ఇష్టం. కానీ ఈసారి నువ్వు ఆటోలో రావు. మీ నాన్న కారులో, మీ నాన్న ముందు కూర్చోగా వస్తావు. మారెవ్వని హారతి పళ్ళెం పట్టుకుని వాకిట్లో నిలబడమని చెప్పాను. కూతుర్ని దింపడానికి వచ్చినవాళ్ళని ఎదురెళ్ళి పిలవాలి గదా.

ఒక్క మాట మాత్రం ఆయనకి ముందుగానే చెప్పి ఉంచు. సీట్ల మీద ప్లాస్టిక్ వెయ్యలేదు, వెయ్యను కూడా.

ఇట్లు,
చెన్నకేశవరావు గారి అల్లుడు
ప్రాణేశ్