నాయనమ్మ చుట్ట

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్ళు. నీ కొడుకు శీను నా దగ్గరే ఉండి జగ్గయ్యపేటలో పదో తరగతి చదువుతున్నాడు. అచ్చం నువ్వే, ఒక్కచోట కుదురుగా ఉండడు.

నాయనమ్మ చుట్టను పొయ్యి దగ్గర ముట్టించి తెచ్చే పని చిన్నప్పుడు నీదే కదా. ముట్టించేటప్పుడు ఓ దమ్ము లాగి నువ్వు కుదురుగా కూర్చుంటే ఇంటిల్లిపాదీ మురిసిపోయేవాళ్ళం. ఆ పొగ నిన్ను చివరిదాకా వదల్లేదు.

మొన్న శీను జేబులో బీడీలు దొరికాయి.

"కాలిస్తేనే చదువు బుర్రకెక్కుతుందత్తా" అన్నాడు.

వాణ్ణి నందిగామ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. "ఎదిగే మెదడమ్మా. పొగ కాసేపు కుదురు ఇచ్చినట్టే ఇచ్చి, ఉన్నదాన్నీ లాక్కుంటుంది" అన్నారు డాక్టరుగారు.

శీను మానేస్తానన్నాడు. ఈ సాయంత్రం హారతి వేళ ఊరికే లేచి తిరుగుతుంటే కూర్చోమనలేదు, గంట చేతికిచ్చాను. ఇల్లు దద్దరిల్లేలా మోగించాడు. వినడానికి నేనొక్కదాన్నే ఉన్నాను.

అక్క