కెప్టెన్ ఎడమ చేతి పట్టీ

ప్రియమైన తమ్ముడికి,

ఫోన్ చేస్తే పెట్టేస్తున్నానని ఉత్తరం రాశావా? అంత రోషం ఉన్నవాడివి, అడిగే విషయమైనా కాస్త పెద్దది చూసుకోవద్దూ! ఆ పాత రాకెట్ సీరియల్లో, ఆఖరి ఏడాది, కెప్టెన్ కోటు ఎడమ చేతికి బంగారు గీతల పట్టీ ఎందుకు లేదు? ఆ కోటు చెయ్యి నాలుగు వేళ్ళ వెడల్పున పొట్టిగా ఎందుకుంది? దీని మీద మీ అభిమాన సంఘం రెండు ముక్కలైందా! శిక్షగా పట్టీ పీకేశారని సగం మంది. కాదు, వేరే లోకం నుంచి దిగిన నకిలీ కెప్టెనని నువ్వూ నీ మందా. పోయినేడాది ఆ రాకెట్ ఓడలో స్నానాలగది ఎక్కడుందని కొట్టుకు చచ్చారు. ముప్పై ఏళ్ళుగా జనం పళ్ళు పీకుతున్నావు, ఇంకా బుద్ధి రాలేదట్రా?

ఆ బట్టలు కుట్టినదాన్ని నేనే కాబట్టి, నకిలీ వాడికి వేరే కోటు కుట్టానని సంతకం పెట్టాలా? సూదిలో దారం ఎక్కించడానికే కళ్ళు కనపడి చావట్లేదు. నీ సంఘం గోల ఒక్కటే తక్కువైంది నాకు.

మరదల్ని అడిగానని చెప్పు. దాని ఓపికకి దండం.

మీ అక్క


అక్కా,

నవ్వుకో. మేమంటే నీకెప్పుడూ చులకనే. కానీ వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం. నా మాట నిలవకపోతే అధ్యక్ష పదవి అవతలి ముఠా నాయకుడు, ఆ బీమా ఏజెంటుకి పోతుంది. పన్నెండేళ్ళు నేను పెంచిన సంఘం అది.

ఆ వెధవ ఇప్పుడు కొత్త కథ పుట్టించాడు. పట్టీ దర్జీ కాజేసిందట, స్టూడియోవాళ్ళు ఆమెని వెళ్ళగొట్టారట! ఆ దర్జీ మా అక్కేనని వాడికి తెలీదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు నడుంనొప్పితో మానేశావని నాన్న చెప్పలేదూ? అదంతా అబద్ధమని నాలుగు ముక్కలు రాసివ్వు, వాడి నోరు మూయిస్తాను. పదవి సంగతి సరే, నీ పరువు ఏం కావాలి?

నీ తమ్ముడు


ఒరేయ్,

ఆ బీమా ఏజెంటే మీ అందరిలోకీ తెలివైనవాడు. వాడు చెప్పింది నిజం.

నీకు తొమ్మిదేళ్ళు. కెప్టెన్‌లా దూకుతానని మేడమెట్ల మీంచి దూకి ఎడంచెయ్యి విరగ్గొట్టుకున్నావు. పిండికట్టు చూసి పిల్లలు నవ్వుతారని మంచం కింద దూరావు. రెండు రోజులు ఏమీ తినలేదు. చూడలేక, ఇస్త్రీకి వచ్చిన కెప్టెన్ కోటు పట్టీ విప్పి తెచ్చి నీ కట్టు మీద కుట్టాను. అచ్చం అలాంటిదే కుట్టానని నీతో అన్నాను. ఒక్కరోజు ఉంచి తిరిగి తీసుకెళ్దామనే అనుకున్నా. నువ్వేమో ఎగురుకుంటూ బడికి పోయావు. సాయంత్రం విప్పబోతే ఇల్లు పీకి పందిరేశావు.

ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు, మూడోరోజు స్టూడియోవాళ్ళు నేరుగా నా దగ్గరికే వచ్చారు. అందరి ముందూ నిలబెట్టి దొంగ అన్నారు. పట్టీ ఏదంటే పారేశానన్నాను. ఆ గుడ్డ మళ్ళీ దొరక్క, మిగతా ఏడాది ఆ పొట్టి చేత్తోనే లాగించారు. నడుంనొప్పి నాన్న కల్పించాడు, నువ్వు కుమిలిపోతావని.

నీ చెయ్యి విరిచి, నా పని పోగొట్టి, చివరికి నిన్నొక పిచ్చిమాలోకాన్ని చేసింది ఆ సీరియల్. అందుకే అదంటే నాకు అసహ్యం. పో, చెప్పుకో. నీ నకిలీ కెప్టెన్ లేడు.

అక్క


ప్రియమైన అక్కా,

పదవి పోయింది. నా వాదం తప్పని నేనే లేచి చెప్పాను. ఏజెంటు దర్జీ కథ ఎత్తాడు. రుజువు చూపించమన్నాను. ఎవరో అంటే విన్నానన్నాడు. అయినా వాణ్ణే ఎన్నుకున్నారు. అయిదు నిమిషాల్లో అందరూ ఓడలో పిల్లికి జీతం ఉందా లేదా అనే దాని మీద పడ్డారు. ఇంతమంది దద్దమ్మల మధ్య పన్నెండేళ్ళు ఎలా కూర్చున్నానో!

రుజువు మా ఇంట్లో పెట్టెలోనే ఉంది. నిన్న ఆ పట్టీ తీసి వేళ్ళు పెట్టి చూశాను. సరిగ్గా నాలుగు.

ఎవరు చెప్పారో తెలీదన్నావు. నాకు తెలుసక్కా. స్టూడియో మేనేజరు కూతురు మా తరగతే. ఆ రోజు అందరి ముందూ చెయ్యి ఎత్తి, ఇది కెప్టెన్ కోటుదే, మా అక్క తెచ్చిందని గొప్పలు పోయాను. అబద్ధమే చెబుతున్నాననుకున్నాను.

శనివారం వస్తున్నాను. తిట్టాల్సినవన్నీ దాచి ఉంచు.

నీ తమ్ముడు